ఏడవ మునక



సిరియా సేనాని నామాను కథ మీకు కొత్త కాదు. కుష్ఠరోగంతో బాధపడుతున్న ఆ గొప్పవాడు గుర్రాలతో, రథాలతో, వెండి బంగారాలతో ఎలీషా ప్రవక్త వాకిట నిలబడ్డాడు. ప్రవక్త బయటికి కూడా రాలేదు. యోర్దాను నదిలో ఏడుమార్లు మునగమని కబురు మాత్రం పంపాడు. మా దేశంలో నదులు లేవా అని నామాను మండిపడ్డాడు. సేవకులు నచ్చజెప్పగా దిగాడు, మునిగాడు, పసిబిడ్డ దేహం వంటి దేహంతో లేచాడు. రాజుల రెండవ గ్రంథం అయిదవ అధ్యాయంలోని ఈ కథమీద నేను గురువునైన నాటినుంచి ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. అన్నిటిలోనూ వినయాన్ని గురించే చెప్పాను. ఏడు అనే ఆ లెక్కను గురించి ఏనాడూ ఆలోచించలేదు. నాలుగవ మునక తరువాత ఒళ్ళు కొంచెం తేలికపడినట్లనిపించి నామాను గట్టెక్కి ఇంటిదారి పట్టివుంటే ఏమయ్యేది? ఈ ప్రశ్న నాకు ఏ వ్యాఖ్యానగ్రంథమూ నేర్పలేదు. ఒక పిల్లవాడి సమాధి నేర్పింది.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు నేను వేరొక విచారణలో ఉన్నాను. మెట్టభూముల ఊరు. ఆ కుటుంబంలో తండ్రి పాలమూరు కూలీలందరిలాగే ఏటా పూణే వైపు మట్టిపనులకు వలసపోయేవాడు. ఆరేళ్ళ కొడుక్కి నెలరోజులుగా విడవని జ్వరం, ఒంటిమీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, పండ్లు తోముకుంటే చిగుళ్ళనుంచి నెత్తురు. ఊరి ఆర్.ఎం.పి. గ్లూకోజు సీసాలు ఎక్కించాడు. కామెర్లేమోనని పసరు పోయించారు. చివరకు హైదరాబాదు తీసుకుపోతే రక్తక్యాన్సరు అన్నారు. అప్పటికి ఆరోగ్యశ్రీ పథకం రాలేదు. జత ఎద్దులు అమ్మారు. నెల తిరిగేసరికి పిల్లవాడు జ్వరం లేకుండా, జుట్టు లేకుండా, నవ్వుతూ ఇంటికి వచ్చాడు. రక్తంలో చెడు కణాలు కనిపించడంలేదని డాక్టర్లు చెప్పారట. కృతజ్ఞతా పూజ పెట్టించారు. గుడి నిండిపోయింది. దేవుడు ఈ బిడ్డను పూర్తిగా బాగుచేశాడని నేను గొంతెత్తి ప్రసంగించాను. ఉపదేశిగారు కళ్ళు తుడుచుకున్నారు.

పూజ అయ్యాక సంకీర్తి గదివద్ద ఆ తండ్రి నిలబడి ఉన్నాడు. "ఫాదర్, ఇంక రెండేండ్లకు మీదనే మందులు వాడాల్నంట. పిల్లగాడు మంచిగనే ఉన్నడు గద. వాడాల్నా?" అని అడిగాడు. నాకు మరో గ్రామంలో పూజ ఉంది. మోటారుసైకిలు అప్పటికే స్టార్టు చేసి ఉంది. "దేవునిమీద భారం వేయండి, ఆయనే చూసుకుంటాడు" అని వెళ్ళిపోయాను. మందులు మానమని నేను అనలేదు. కాని ఆయన విన్నది అదే. ఏడెనిమిది నెలలకు రోగం తిరగబెట్టింది. ఈసారి మందులు పట్టలేదు. తపస్సుకాలం ముగియకముందే ఆ బిడ్డను సమాధిచేశాను. తండ్రి నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో.

ఆ తరువాతనే నేను ఈ వ్యాధిని గురించి చదవడం మొదలుపెట్టాను. తెలిసినవారిని విసిగించి అడిగాను. ముఖ్యంగా ఆసుపత్రి సేవలో ఉన్న ఒక మఠకన్య డాక్టరుగారు ఓపికతో చెప్పిన ఒక లెక్క నన్ను నిద్రపోనివ్వలేదు. పిల్లలలో ఎక్కువగా వచ్చే ఈ రక్తక్యాన్సరు బయటపడేనాటికి ఆ చిన్న శరీరంలో దాదాపు లక్షకోట్ల చెడుకణాలు ఉంటాయట. బొక్కల మూలుగలో పుట్టి మంచి రక్తకణాలకు చోటు లేకుండా చేస్తాయి. అందుకే పాలిపోవడం, జ్వరం, నెత్తురు కారడం. మొదటి నెల చికిత్సతో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు నశించినా ఇంకా వెయ్యికోట్ల కణాలు మిగిలి ఉండవచ్చు. మైక్రోస్కోపు కింద అవి చిక్కవు. పిల్లవాడు ఆడుకుంటాడు, అన్నం అడుగుతాడు, బడికి పోతానంటాడు. రోగం కనబడకపోవడం వేరు, రోగం పోవడం వేరు. పైకి కనిపించే తుంగను కోసి చేను బాగయిందనుకునే రైతు మన ప్రాంతంలో ఎవడైనా ఉన్నాడా? గడ్డ లోపల ఉందని వాడికి తెలుసు. మనకు మాత్రం తెలియలేదు. బేత్సయిదాలో ప్రభువే ఒక గ్రుడ్డివానిమీద రెండుసార్లు చేతులుంచవలసి వచ్చిందని మార్కు సువార్త చెబుతున్నది. మొదటిసారికి వాడికి మనుషులు నడిచే చెట్లలాగా కనిపించారు. ప్రభువు వాడిని అక్కడితో ఇంటికి పంపివేయలేదు.

ఈ మందుల కథ మొదట్లో మన తెలుగువాడొకరున్నారు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు సోదరులు కొద్దికాలం తేడాలో స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో మరణించడం ఆయనను వైద్యంవైపు తిప్పింది. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. దక్కింది. చేతిలో డబ్బు లేకుండానే అమెరికా చేరి, హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూ రోగంలో వాడే మందే అది.

ఇక్కడ ఒక వింత జరిగింది. బోస్టనులో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు జాతి పదార్థాలు ఇచ్చి చూశారు. రోగం తగ్గకపోగా పెరిగింది. మరొకరైతే తలపట్టుకుని కూర్చునేవారు. ఆయన తిరగేసి ఆలోచించారు: ఈ పదార్థం రోగానికి తిండి అయితే, దీనిని అడ్డగించే పదార్థం రోగాన్ని మాడ్చదా? అటువంటి విరుద్ధ పదార్థాలను సుబ్బారావుగారి బృందం తయారుచేసి ఇచ్చింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బరు ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లలలో 10 మందికి రోగం తాత్కాలికంగా వెనక్కు తగ్గింది. అంతవరకు ఆ రోగం వచ్చిన బిడ్డకు వారాలో నెలలో తప్ప మిగిలేవి కావు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏళ్ళ వయసులో నిద్రలోనే కన్నుమూశారు. దేశం వదిలాక తిరిగి రానేలేదు. 1995లో ఆయన బొమ్మతో తపాలాబిళ్ళ వచ్చింది. మన బడిపిల్లలలో ఎంతమందికి ఆ పేరు తెలుసో ఉపాధ్యాయులే చెప్పాలి. అమినోప్టెరిన్‌కు తమ్ముడి వంటి మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. ఈ రోజు మన కొల్లాపూర్ బిడ్డ వారానికొకసారి మింగే పసుపుపచ్చని చిన్నమాత్ర అదే.

అయితే ఫార్బరు పిల్లలందరికీ కొన్ని నెలలలో రోగం తిరిగివచ్చింది. ఒక మందుతో ఒక మునక మాత్రమే. ఆ తరువాత పదిహేనేళ్ళు మరికొందరు శాస్త్రజ్ఞులు మరికొన్ని మందులు తెచ్చారు. వాటిలో విన్‌క్రిస్టిన్ ఒకటి. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? మన గుడి ఆవరణలో, సమాధుల తోటలో, నీళ్ళు పోసేవారు లేకపోయినా పూసే బిళ్ళగన్నేరు మొక్కనుంచి. భూమినుంచే దేవుడు మందులను పుట్టించాడనీ, తెలివిగలవాడు వాటిని చిన్నచూపు చూడడనీ, వైద్యుని గౌరవించాలనీ సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తున్నది. (ఇది చదివి ఎవరూ బిళ్ళగన్నేరు ఆకు దంచి పసరు తాగవద్దు. అందులో మందు ఉన్నట్లే విషమూ ఉంది. టన్నులకొద్దీ ఆకునుంచి గ్రాముల లెక్కన తీసి, శుద్ధిచేసి, బిడ్డ బరువూ ఎత్తూ చూసి సూదిగా వేస్తారు.)

ఈ మందులన్నిటినీ ఒక క్రమంలో, ఏళ్ళ తరబడి ఇచ్చి, రోగం దాక్కునే మెదడు చుట్టూ ఉన్న నీటిలోకి కూడా తరిమి, సంపూర్ణ స్వస్థత సాధ్యమని పట్టుబట్టినవారు డోనాల్డ్ పింకెల్. ఆయన పనిచేసిన ఆసుపత్రి పేరు విని మీరు సంతోషిస్తారు. అమెరికాలోని మెంఫిస్ నగరంలో పునీత యూదా పేరిట 1962లో తెరిచిన పిల్లల ఆసుపత్రి అది. లెబనాను వలసవారి బిడ్డ, కతోలిక విశ్వాసి అయిన డానీ థామస్ అనే హాస్యనటుడు, తిండికి జరగని రోజుల్లో పునీత యూదా తదేయుగారికి మొక్కుకుని, తరువాత ఆ మొక్కు తీర్చుకున్న విధం అది. ఆయన గోపురం కట్టలేదు. ఆసుపత్రి కట్టాడు. అది తెరిచేనాటికి ఈ వ్యాధి వచ్చిన పిల్లలలో నూటికి అయిదుగురు కూడా బతికేవారు కాదు. పదేళ్ళు తిరిగేసరికి సగంమంది బతకవచ్చునని పింకెల్ చూపించారు. ఈనాడు ధనిక దేశాలలో నూటికి తొంభైమంది బతుకుతున్నారు.

మన దేశంలో ఆ లెక్క తక్కువ. ఎందుకు తక్కువ? మందులు వేరా? కావు. చాలావరకు అవే మందులు. వైద్యులు చెప్పే కారణాలలో ఒకటి, సగంలో చికిత్స మానుకోవడం. డబ్బు అయిపోయి మానేవారు కొందరు, దూరమై మానేవారు కొందరు, నయమైందనుకుని మానేవారు కొందరు. ఆ మూడవ కోవలో నా ప్రసంగం విని మానినవారొకరున్నారు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు పునీత తోమాసు అక్వినాసుగారి కారణవాదం నాకు ఇష్టమైన పాఠం. మూలకారణమైన దేవుడు ఉపకారణాలను పక్కకు నెట్టి పనిచేయడు. ఎండవేడి కంకిని పండిస్తే అది ఎండ పని, దేవుని పని కూడాను. సగం ఎండ, సగం దేవుడు కాదు. పనంతా ఎండదే, పనంతా దేవునిదే. తన సృష్టికి కూడా కారణమయ్యే గౌరవాన్ని ఇవ్వడం ఆయన మంచితనం. ఈ ప్రశ్నకు పరీక్షలో నాకు మంచి మార్కులు వచ్చాయి. ఆనాడు సంకీర్తి గది ముందు ఆ తండ్రి అడిగినప్పుడు మాత్రం ఆ పాఠం నోటికి రాలేదు. దేవుడా, మందులా అన్నట్లు మాట్లాడాను. ఈనాటి కొన్ని స్వస్థత కూటములలో మాత్రలు వేదికమీదికి విసిరివేయించేవారిని నేను తప్పుపట్టినప్పుడల్లా, నేను విసరలేదు గాని జారవిడిచాను అని లోపల ఒక గొంతు అంటుంది.

మన యువకుల గదులలో ఇప్పుడు పునీత కార్లో అకుటిస్ బొమ్మ కనిపిస్తున్నది. సంతోషం. ఆ ఇటలీ బాలుడు 2006 అక్టోబరు 12న, 15 ఏళ్ళ వయసులో, రక్తక్యాన్సరు బయటపడిన కొద్దిరోజులకే మరణించాడు. 2025 సెప్టెంబరు 7న లియో 14వ పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. ఆ సాయంత్రం మా యువజన సంఘంలో ఒకడు అడిగాడు: అంత భక్తిగలవాణ్ణి దేవుడెందుకు బాగుచేయలేదు? ఆ ప్రశ్నకు జవాబు నాకు రాదు. నాకు తెలిసింది ఇది మాత్రమే. ఆయనకు వచ్చిన రకం రక్తక్యాన్సరు ఈనాడు అన్నిటికంటే బాగా నయమయ్యే వాటిలో ఒకటి. ఎ విటమిను జాతి మందునూ శుద్ధిచేసిన పాషాణాన్నీ వాడి చైనా వైద్యులు దారిచూపారు. కాని మొదటి కొద్దిరోజుల రక్తస్రావం గండం దాటాలి. ఆ కొద్దిరోజులే ప్రాణం. మన ఊళ్ళలో ఆ రోజులు గ్లూకోజు సీసాల కింద పోతున్నాయి. తగ్గని జ్వరం, పాలిపోయిన ముఖం, కారణంలేని కమిలిన మచ్చలు, చిగుళ్ళ నెత్తురు, ఇవి కనిపిస్తే ఒక చిన్న రక్తపరీక్ష చేయించండి. నూటికి తొంభైతొమ్మిది సార్లు మరేదో అయివుంటుంది. కానివ్వండి.

పెద్దవారికి నెమ్మదిగా వచ్చే మరొక రకానికి ఇమాటినిబ్ అనే మాత్ర 2001లో వచ్చింది. స్విట్జర్లాండు కంపెనీ మాత్ర నెలకు లక్ష రూపాయలు దాటేది. హైదరాబాదులోని నాట్కో వంటి మన కంపెనీలు అదే మందును పదివేల లోపుకు తెచ్చాయి. పేటెంటు కోసం స్విస్ కంపెనీ వేసిన కేసును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న కొట్టివేసింది. ఆ తీర్పుమీద ఎందరో బతికారు. రోజూ మాత్ర వేసుకుంటూ పొలం పనులు చేసుకుంటున్న అటువంటివారు మన మధ్యనే ఉన్నారు, చెప్పుకోరు అంతే. రోగి రక్తంలోని రక్షక కణాలనే తీసి, నేర్పు కల్పించి తిరిగి ఎక్కించే చికిత్స కూడా మన దేశంలోనే తయారై 2023లో అనుమతి పొందింది. లక్షల ఖర్చు ఇంకా పేదవానికి అందదు. నిన్నటి లక్ష రూపాయల మాత్ర కూడా అందనిదే.

కొల్లాపూర్ విచారణలో ఒక యువకుడున్నాడు. ఏడేళ్ళ వయసులో అతనికి ఈ వ్యాధి వచ్చింది. అప్పటికి ఆరోగ్యశ్రీ వచ్చింది, పుణ్యం. మూడేళ్ళపాటు తల్లి అతణ్ణి తీసుకుని తెల్లవారుజామున డిపో బస్సెక్కి ఇమ్లీబన్‌లో దిగి రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. ఆసుపత్రికి నడిపించింది. మామిడికాయల కాలంలో కూలి పోగొట్టుకుని కూడా ఒక్క తేదీ తప్పలేదట. ఇప్పుడతను ఎలక్ట్రీషియను. ఊళ్ళో ఎవరికి కొత్తగా ఈ రోగం వచ్చిందని తెలిసినా వారితో మొదటిసారి హైదరాబాదు పోతాడు. ఏ కౌంటరుకు ఏ కాగితం, రాత్రి ఎక్కడ పడుకోవాలి, నీళ్ళు ఎందుకు కాచి తాపాలి, అమ్మవారు పోసిన పిల్లల దగ్గరికి ఎందుకు పోనివ్వకూడదు, అన్నీ అతనికి తెలుసు. "జుట్టు మళ్ళొస్తది, నాది చూడు" అని టోపీ పెట్టుకున్న పిల్లల ముందు తల వంచి చూపిస్తాడు. నా ప్రసంగాలన్నీ కలిపినా ఆ తల వంపుతో సరితూగవు.

పోయిన ఏడాది అతనికి సంబంధం కుదిరి తప్పిపోయింది. చిన్నప్పటి రోగం సంగతి ఎవరో చేరవేశారు. నెత్తుటిలో ఉన్న రోగం, పిల్లలకు వస్తే? నేను ఆ ఇంటికి పోయాను. ఇది అంటురోగం కాదనీ, మామూలుగా తండ్రినుంచి బిడ్డకు వచ్చేదీ కాదనీ, చికిత్స ముగిసి పన్నెండేళ్ళు దాటిందనీ చెప్పాను. కాఫీ ఇచ్చారు, మర్యాద చేశారు, మనసు మార్చుకోలేదు. వారు మంచి విశ్వాసులే, ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చునేవారే. లేవీయ కాండం 14వ అధ్యాయంలో కుష్ఠు నయమైనవాని విషయంలో యాజకుని విధి ఏమిటో చూడండి. నయం చేయడం అతని పని కాదు. శిబిరం బయటికి నడిచిపోయి, చూసి, ఇతడు శుద్ధుడు అని చెప్పి లోపలికి తీసుకురావడం అతని పని. మేము బయటికి పోతున్నాము. లోపలివారు తలుపు తీయడంలేదు.

ఇప్పుడు మా విచారణలో అయిదేళ్ళ పాప ఒకతె చికిత్సలో ఉంది. ఆ యువకుడే మొదటిసారి తీసుకుపోయాడు. మొదటి కఠినమైన నెలలు దాటింది, జుట్టు వస్తున్నది, ప్రతిదినం మాత్రలు నడుస్తున్నాయి. పోయిన నెల తల్లి పూజ పెట్టించడానికి వచ్చింది. "కృతజ్ఞతా పూజేనా అమ్మా?" అని అడిగి పుస్తకంలో రాయబోయాను. ఆమె నా చేయి ఆపింది.

"బిడ్డకు నయమైందని చెప్పకుండ్రి ఫాదర్. మా అత్తమ్మ వింటే మందులు బందుజెయ్యమంటది. మందులు నడుస్తున్నయి, ఇంక పదకొండు నెలలున్నయని చెప్పుండ్రి."

నేను కలం పట్టుకుని కాసేపు అట్లాగే ఉన్నాను. తరువాత ఆమె చెప్పినట్లే రాశాను. అప్పటినుంచి విశ్వాసుల ప్రార్థనలో ఆ పాప కోసం ప్రార్థించేటప్పుడు ఎన్ని నెలలు మిగిలాయో కూడా చదువుతున్నాము. మొదట జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు వృద్ధులు కూడా లెక్కపెడుతున్నారు. మాత్రల రోజున పాప మారాం చేస్తే వాళ్ళ అత్తమ్మే బెల్లం ముక్క చేతబట్టుకుని కూర్చుంటున్నదట. యువజన సంఘంవారు నెలనెలా బస్సు ఖర్చుకు డబ్బాలో వేస్తున్నారు.

ఈ ఆదివారానికి పది.